హర్రాన్ శిథిలాలు, ఒక బండెడు గ్రంథాలు

  

ధార్మిక సోదరులారా! భూమిపై సంచరించి, పూర్వజాతుల పర్యవసానం ఏమైందో చూడమని దివ్య ఖుర్‌ఆన్ అనేక చోట్ల మనకు ఆదేశిస్తున్నది. ఆ ఆదేశం చెవిన పడగానే మన తలపు ఆద్, సమూద్ జాతుల వైపు, ఫిరౌన్ వైపు మళ్లుతుంది. శిథిలమైన ఊరు కనిపిస్తే అది దైవాగ్రహానికి గురైన ఊరేనని తీర్మానించుకోవడం మనలో చాలామందికి అలవాటు. అయితే ఐదు పూటలా అజాన్ వినిపించిన ఊళ్లు, హదీసు విద్యకు పుట్టినిళ్లయిన ఊళ్లు, బాటసారికి అన్నం పెట్టిన ఊళ్లు కూడా నేలమట్టమయ్యాయి. అటువంటి ఊళ్ల ముందు నిలిచి ఏమి చూడాలి? ఈ ప్రశ్న నన్ను విద్యార్థి దశనుండి వెంటాడుతున్నది. నేటి ఖుత్బాలో అటువంటి ఒక ఊరి చరిత్రను మీ ముందుంచుతాను. దాని పేరు హర్రాన్.

మదరసాలో చదువుకునే రోజుల్లో హదీసు ఉల్లేఖకుల జీవిత చరిత్రలు చదువుతుండగా, పేరు వెంట పేరుకు చివర "అల్ హర్రానీ" అన్న మాట కనిపించేది. బస్రీ, కూఫీ, దిమష్కీ అన్న పేర్లకు మూలమైన ఊళ్లు మాకు పటంలో దొరికేవి. హర్రాన్ మాత్రం దొరకలేదు. ఉస్తాద్‌గారిని అడిగాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "బేటా, ఊరు పోయింది, పేరు మిగిలింది" అన్నారు. అంతకుమించి ఆ రోజు ఏమీ చెప్పలేదు. మిగిలినది నేను ఆ తరువాత అనేక సంవత్సరాలపాటు కొంచెం కొంచెంగా చదివి తెలుసుకున్నది.

నేటి తుర్కియే దేశానికి ఆగ్నేయంలో, ఉర్ఫా నగరానికి 44 కిలోమీటర్ల దూరంలో, సిరియా సరిహద్దుకు అతి సమీపాన ఒక విశాలమైన మైదానమున్నది. ఆ మైదానం నడుమ సుమారు నాలుగు కిలోమీటర్ల చుట్టుకొలత గల పాత ప్రాకారం, అందులో ఆరు ద్వారాల ఆనవాళ్లు, ఒక కోట, నడుమ మట్టిదిబ్బ, ఆ దిబ్బ పక్కనే కూలిన ఒక జామె మస్జిద్. మస్జిద్‌లో ఒక తోరణం, తూర్పు గోడలో కొంత భాగం, సుమారు 33 మీటర్ల ఎత్తున చతురస్రాకారపు మినారు నిలిచి ఉన్నాయి. దగ్గరలో తేనెతుట్టెల ఆకారంలో కప్పులు గల మట్టి ఇళ్లు కనిపిస్తాయి. శిథిలాలలోని ఇటుకలనే ఏరుకొని తరువాతి తరాలవారు ఆ ఇళ్లు కట్టుకున్నారు. చూడడానికి ఇంతే. కాని ఈ నేలపై మనుషులు నాలుగువేల సంవత్సరాలకు పైగా కాపురమున్నారు.

ప్రాచీన అక్కదు భాషలో ఆ పేరుకు "దారి", "ప్రయాణం" అన్న అర్థాలున్నాయి. ఇరాఖ్ నుండి షామ్‌కు, అనటోలియాకు పోయే బిడారు మార్గాలు అక్కడ కలుసుకునేవి. దారి మీది ఊరికి సంపద వస్తుంది. దానితోపాటు ప్రతి సైన్యమూ వస్తుంది. హర్రాన్ చరిత్రంతా ఈ రెండింటి నడుమనే సాగింది.

ఆ ఊరివారు చంద్రుణ్ణి పూజించేవారు. సీన్ అనే పేరుతో చంద్రదేవునికి అక్కడ కట్టిన ఆలయం ఎంత ప్రసిద్ధమైనదంటే, క్రీ.పూ. 6వ శతాబ్దంలో బాబిలోను చివరి రాజు నబోనిదస్ దానిని ప్రత్యేకంగా పునర్నిర్మించాడు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) కుటుంబం తమ స్వస్థలం వదలి వచ్చి హర్రాన్‌లో కొంతకాలం నివసించినట్లు తౌరాతు చెబుతున్నది. ఖుర్‌ఆన్ ఆ ఊరి పేరు ప్రస్తావించలేదు. అయితే సూరతుల్ అన్ఆమ్ 75 నుండి 79 వరకు గల ఆయతులలో ఇబ్రాహీమ్ (అ) నక్షత్రాన్ని, చంద్రుణ్ణి, సూర్యుణ్ణి వరుసగా చూసి, అస్తమించేవాటిని నిరాకరించిన ఘట్టమున్నది కదా, ఆ ఘట్టం హర్రాన్ ప్రజలను ఉద్దేశించినదై ఉండవచ్చునని హాఫిజ్ ఇబ్నె కసీర్ అభిప్రాయపడ్డారు. గ్రహాలను పూజించినవారు వారే కనుక ఆయన అలా భావించారు. ఇది విద్వాంసుని అభిప్రాయమే తప్ప నిర్ధారణ కాదు. మనం కూడా దానిని అంతవరకే గ్రహించాలి.

రోమన్లు ఈ ఊరిని కార్హే అని పిలిచేవారు. వారికి ఆ పేరు చేదుగా మిగిలింది. క్రీ.పూ. 53లో రోము ధనికుడు, సేనాని అయిన క్రాసస్ సుమారు 40 వేల సైన్యంతో పార్థియనులపైకి వచ్చి ఈ మైదానంలో చిత్తుగా ఓడిపోయాడు. గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్కు చెప్పిన లెక్క ప్రకారం 20 వేలమంది చనిపోయారు, 10 వేలమంది బందీలయ్యారు. రోము సైన్యపు పతాకాలు శత్రువుల చేత చిక్కి, తిరిగి రావడానికి 33 సంవత్సరాలు పట్టింది. తరువాత రెండున్నర శతాబ్దాలకు రోము ఆ ఊరిని తన సామ్రాజ్యంలో కలుపుకొని, "కొలోనియా" హోదా ఇచ్చింది. కొలోనియా అంటే రోము పౌరులకు గల హక్కులు లభించిన నగరం. ఆ కాలపు నాణేల మీద ఒకవైపు చక్రవర్తి ముఖం, మరొకవైపు నెలవంక, నక్షత్రం కనిపిస్తాయి. రోము పేరు ఇచ్చింది, హోదా ఇచ్చింది, ఊరివారి మనసులోని చంద్రుణ్ణి మాత్రం కదిలించలేకపోయింది. పైగా చక్రవర్తులే ఆ చంద్రుని దర్శనానికి వచ్చారు. క్రీ.శ. 217 ఏప్రిల్‌లో చక్రవర్తి కరకల్లా ఎడెస్సా నుండి అక్కడి చంద్రాలయానికి వస్తూ, దారిలో గుర్రం దిగిన వేళ తన అంగరక్షక దళంవాడి చేతిలోనే హతమయ్యాడు. రోము సామ్రాజ్యం క్రైస్తవాన్ని స్వీకరించిన తరువాత సైతం, 4వ శతాబ్దం చివర అక్కడికి వచ్చిన ఈజెరియా అనే యాత్రికురాలు, కొద్దిమంది మతాచార్యులు, సన్యాసులు తప్ప ఆ ఊరిలో తనకు క్రైస్తవులే కనిపించలేదని వ్రాసుకున్నది.

హజ్రత్ ఉమర్ (ర) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 18, 19 ప్రాంతంలో, హజ్రత్ ఇయాద్ బిన్ గన్మ్ (ర) నాయకత్వాన ముస్లిం సేన ఈ ప్రాంతానికి వచ్చింది. బలాజురీ వ్రాసిన కథనం ప్రకారం హర్రాన్‌వారు ద్వారాలు మూసుకొని, "ముందు రుహాకు వెళ్లండి, వారు ఏ షరతులకు ఒప్పుకుంటే మేమూ వాటికే ఒప్పుకుంటాము" అన్న భావంతో కబురు పంపారు. ఇయాద్ (ర) అందుకు సమ్మతించారు. రుహా సంధికి వచ్చింది, హర్రాన్ కూడా వచ్చింది. రుహా అంటే నేటి ఉర్ఫాయే, రోమన్ల ఎడెస్సాయే. పక్క ఊరు ఏం చేస్తుందో చూసి తాము నిర్ణయించుకునే మనుషులు ఆ రోజుల్లోనూ ఉండేవారన్నమాట.

సుమారు వంద సంవత్సరాల తరువాత, క్రీ.శ. 744లో బనూ ఉమయ్యా వంశపు చివరి ఖలీఫా రెండవ మర్వాన్ దమస్కసును విడిచి హర్రాన్‌ను తన రాజధానిగా చేసుకున్నాడు. నేడు శిథిలమై కనిపించే జామె మస్జిద్ తొలి నిర్మాణం ఆయన కాలానిదేనని చెబుతారు. 750లో జాబ్ నది వద్ద ఆయన ఓడిపోవడంతో ఊరికి రాజధాని హోదా పోయింది, మస్జిద్ మాత్రం ఉండిపోయింది.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు సాగలేను. 1956లో డి.ఎస్. రైస్ అనే పురావస్తు పరిశోధకుడు ఆ మస్జిద్ శిథిలాలలో తవ్వుతుండగా, దాని ప్రవేశద్వారాల వద్ద నేలకు పరచిన పెద్ద రాతిపలకలు బయటపడ్డాయి. వాటిపై నబోనిదస్ రాజు, చంద్రుడు, సూర్యుడు, నక్షత్రం చిహ్నాలు, బాబిలోను లిపిలో శాసనాలు చెక్కి ఉన్నాయి. చంద్రుని ఆలయాన్ని తిరిగి కట్టిన రాజు శాసనాలే అవి. ఒకనాడు జనం తలలు వంచిన ఆ చిహ్నాలు కొన్ని శతాబ్దాలపాటు నమాజుకు వెళ్లేవారి పాదాల కింద గడపరాళ్లుగా ఉన్నాయి. ఇబ్రాహీమ్ (అ) ఆ ఊరివారితోనే మాట్లాడి ఉంటే, ఆయన మాట అక్కడ నెగ్గడానికి వేల సంవత్సరాలు పట్టింది.

అయితే నక్షత్రపూజ ఒక్కరోజులో అంతరించలేదు. క్రీ.శ. 830లో ఖలీఫా మామూన్ రూమీలపై దండయాత్రకు పోతూ ఆ ప్రాంతంలో పొడవైన జుట్టుతో వింత వేషంలో ఉన్న మనుషులను చూసి, మీరెవరని ప్రశ్నించాడనీ, వారు ఏ గ్రంథ ప్రజలమో చెప్పలేక తికమకపడ్డారనీ, చివరకు ఒక పండితుని సలహాపై ఖుర్‌ఆన్‌లో ప్రస్తావించబడిన సాబియీలము మేమేనని చెప్పుకొని రక్షణ పొందారనీ ఇబ్నె నదీమ్ గ్రంథంలో ఒక కథనమున్నది. దానిని చెప్పినవాడు హర్రాన్‌వారిపై సదభిప్రాయం లేని వ్యక్తి. అందుచేత ఈ కథను పూర్తిగా నమ్మడానికి నా మనసు ఒప్పుకోదు. ఏది ఏమైనా వారిని ముస్లిం పాలకులు ఊళ్లోనుండి వెళ్లగొట్టలేదన్నది మాత్రం వాస్తవం. వారు అక్కడే ఉన్నారు, తమ ఆరాధన చేసుకున్నారు, వారి పిల్లలు బాగ్దాద్‌కు వెళ్లి చదువులో రాణించారు.

వారిలో ఒకరు సాబిత్ బిన్ ఖుర్రా. హర్రాన్ బజారులో నాణేలు మార్చే వ్యాపారి. సిరియాక్, గ్రీకు, అరబీ భాషలు మూడూ వచ్చినవాడు. తనవారితో తగవుపడి ఊరు విడిచిన కాలంలో, రూమీల దేశం నుండి తిరిగివస్తున్న ముహమ్మద్ బిన్ మూసా అనే విద్వాంసుని కంట పడ్డాడు. ఆయన ఈ సర్రాఫులోని ప్రతిభను గుర్తించి బాగ్దాద్‌కు తీసుకుపోయాడు. యూక్లిడ్, ఆర్కిమెడీస్, టోలెమీ గ్రంథాలు అరబీలో సరిగా చదవగలిగామంటే అందులో ఆయన శ్రమ పెద్దది. ఆయన చివరివరకు తన పూర్వుల మతంలోనే ఉండి 901లో మరణించాడు. కుమారుడు సినాన్ ఇస్లాం స్వీకరించాడు. క్రీ.శ. 931లో బాగ్దాద్‌లో వైద్యం చేసేవారందరినీ పరీక్షించి అనుమతి ఇవ్వమని ఖలీఫా ఈ సినాన్‌కే ఆదేశించాడు. 860 మందికి పైగా వైద్యులు ఆ పరీక్షకు వచ్చారని గ్రంథాలు చెబుతున్నాయి.

మరొకరు ముహమ్మద్ బిన్ జాబిర్ అల్ బత్తానీ. పూర్వులు నక్షత్రపూజకులు, ఆయన ముస్లిం. రఖ్ఖా పట్టణంలో 877 నుండి 918 వరకు నలభై ఏళ్లపాటు ఆకాశాన్ని పరిశీలించాడు. సంవత్సరానికి 365 రోజుల 5 గంటల 46 నిమిషాల 24 సెకండ్లని లెక్కగట్టాడు. నేటి లెక్కకు అది రెండున్నర నిమిషాల కంటే తక్కువే తేడా. ఐరోపాలో కోపర్నికస్ తన గ్రంథంలో ఆయన పేరు పదేపదే పేర్కొన్నాడు. చంద్రునిపై కనిపించే రెండు గుంటలకు శాస్త్రజ్ఞులు ఈ హర్రాన్‌వారి పేర్లు పెట్టారు. ఒకటి సాబిత్ పేర, రెండవది బత్తానీ పేర. చంద్రునికి సాష్టాంగపడిన ఊరి సంతానం చంద్రుని గమనాన్ని కొలిచింది. అస్తమించేదానిని ఆరాధించవద్దన్నది ఇబ్రాహీమ్ (అ) బోధ. దానిని చూడవద్దనీ, లెక్కించవద్దనీ ఆయన అనలేదు. ప్రతి ఏటా రమజాన్ నెలవంక విషయమై ఒకే వీధిలోని రెండు మస్జిదులవారు పరస్పరం సలాము మానుకునే స్థితికి వచ్చిన మనం బత్తానీ పేరు పిల్లలకు చెప్పుకుంటే కొంత సిగ్గు కలుగునేమో.

సోదరులారా! ఇక సరిహద్దు సంగతి. ముస్లిం రాజ్యానికీ రూమీల రాజ్యానికీ నడుమనున్న కోటల వరుసను అరబీలో "సుగూర్" అంటారు. సగ్ర్ అంటే సందు, శత్రువు చొరబడగల ఖాళీ. హర్రాన్ మొదట ఆ వరుసకు వెనుక ఉండేది. 1031లో రుహా రూమీల చేతికి పోయింది. 1098లో ఫ్రాంకుల క్రూసేడు సైన్యం నుండి బాల్డ్విన్ అనే ప్రభువు రుహాను వశపరచుకొని అక్కడ రాజ్యం స్థాపించాడు. ఒక రోజు ప్రయాణ దూరంలో శత్రు రాజధాని. హర్రాన్ ఇప్పుడు అక్షరాలా సరిహద్దు మీది ఊరు.

1104 వసంతంలో ఫ్రాంకులు హర్రాన్‌ను ముట్టడించారు. అప్పటికి ఊరిలోని ముస్లిం పెత్తందారులు ఒకరినొకరు చంపుకుని ఉన్నారు. దానిని కాపాడవలసిన ఇద్దరు అమీరులు, మార్దీన్ ప్రాంతానికి చెందిన సుక్మాన్, మోసుల్ పాలకుడు జికిర్మిష్, ఒకరిపై ఒకరు యుద్ధానికి సిద్ధమై ఉన్నారు. చరిత్రకారుడు ఇబ్నుల్ అసీర్ చెప్పినదేమంటే, హర్రాన్ వార్త చేరగానే ఇద్దరూ పగ పక్కన పెట్టి ఖాబూర్ నది వద్ద కలుసుకున్నారు. సుక్మాన్ వద్ద 7 వేలు, జికిర్మిష్ వద్ద 3 వేలు గుర్రపు దళం. అటు ఫ్రాంకుల శిబిరంలో ఏం జరిగిందో వారి చరిత్రకారుడే, విలియం ఆఫ్ టైర్, వ్రాశాడు. ఆకలికి తాళలేక ఊరివారు లొంగిపోవడానికి బయటికి వచ్చారు. ఫ్రాంకు ప్రభువులు మాత్రం కోటపై ఎవరి జెండా ముందు ఎగరాలన్న వాదంలో పడి, ఆ పని తెల్లవారేదాకా వాయిదా వేశారు. తెల్లవారేసరికి ముస్లిం సేన ఎదుట ఉన్నది. బలీఖ్ నది పరిసరాలలో జరిగిన పోరులో రుహా ప్రభువు రెండవ బాల్డ్విన్, అతని బంధువు జోస్లిన్ బందీలయ్యారు.

జెండా తగాదా వారిని ముంచింది. మనవారిని కూడా ముంచబోయింది. బందీ అయిన బాల్డ్విన్ సుక్మాన్ మనుషులకు చిక్కాడు. జికిర్మిష్ మనుషులకు అది అసూయ కలిగించింది. మోసుల్‌కు తిరిగి వెళ్లి ప్రజలకు ఏ ముఖం చూపాలని తమ నాయకుణ్ణి ప్రేరేపించి, సుక్మాన్ గుడారం నుండి బందీని ఎత్తుకుపోయారు. సుక్మాన్ సైనికులు కత్తులు దూసి గుర్రాలెక్కారు. సుక్మాన్ వారిని ఆపాడు. ముస్లిములు ఈ విజయంతో పొందిన సంతోషాన్ని మన కలహంతో దుఃఖంగా మార్చను, శత్రువు నవ్వుకునేలా నా కోపం చల్లార్చుకోను అన్నది ఆయన జవాబు సారాంశం. తన సేనకు ఫ్రాంకుల దుస్తులు తొడిగించి, వారి గుర్రాలపై వారి జెండాలతో నడిపించి, గెలిచి వస్తున్నది తమవారేనని భ్రమపడి తలుపులు తెరిచిన కోటలను పట్టుకుంటూ వెళ్లిపోయాడు. నా వరకు నేను ఆ యుద్ధంలో గెలుపు బలీఖ్ ఒడ్డున కాదు, ఆ గుడారం ముందు దక్కిందని అనుకుంటాను. సుక్మాన్ మరుసటి సంవత్సరమే మరణించాడు. ఆయన పేరు నేడు ఎందరికి తెలుసు?

తరువాత జంగీ, నూరుద్దీన్, సలాహుద్దీన్‌ల కాలంలో ఊరు కోలుకున్నది. మస్జిద్ బాగుపడింది. హర్రాన్‌ను పాలించిన ముజఫ్ఫరుద్దీన్ కోక్బరీ సలాహుద్దీన్ సోదరిని పెళ్లాడాడు. తరువాతి రోజుల్లో ఇర్బిల్‌లో మీలాదున్నబీ వేడుకలను ఘనంగా జరిపి ప్రసిద్ధుడైన అమీరు ఈయనే. ఈ ఊరిలోనే పుట్టిన షేఖుల్ ఇస్లాం ఇబ్నె తైమియ్యా ఆ వేడుక విషయంలో ఏమన్నారో మీలో చాలామందికి తెలుసు. ఇద్దరినీ ఒకే ఊరు భరించింది.

1184 వేసవిలో అందులుసియా యాత్రికుడు ఇబ్నె జుబైర్ హర్రాన్‌కు వచ్చాడు. మొదట ఆయనకు ఆ ఊరు నచ్చలేదు. ఎండ మండిపోతున్నది, నీడ లేదు, అందం లేదని విసుక్కున్నాడు. ఊరిలో తిరిగిన కొద్దీ ఆయన మాట మారింది. బజారులకు కట్టెలతో కప్పు వేసినందున జనం నీడలోనే నడుస్తున్నారని, జామె మస్జిద్ ప్రార్థనాశాలకు పందొమ్మిది ద్వారాలున్నాయని, మదరసా, ఆస్పత్రి ఉన్నాయని వ్రాశాడు. అన్నిటికంటే ఎక్కువగా మనుషులను మెచ్చుకున్నాడు. పరదేశిని ప్రేమించేవారు, పేదవాణ్ణి ఆదరించేవారు, ఈ ప్రాంతపు పల్లెలలో తిరిగే బీద బాటసారి దారిబత్తెం కట్టుకోనక్కరలేదు అన్నాడు. సరిహద్దు ఊరిలో అపరిచితుణ్ణి అనుమానించడం సహజం. ఆ మనుషులు అన్నం పెట్టారు.

ఆ కాలంలోనే హర్రాన్ హంబలీ ఫిఖహ్‌కూ, హదీసుకూ పెద్ద కేంద్రమయింది. అక్కడి తైమియ్యా కుటుంబంలో ఫఖ్రుద్దీన్ అనే ఆలిం ఆ జామె మస్జిద్‌కు ఖతీబు. ఆయన తన జుమా ఖుత్బాలను ఒక సంపుటిగా కూర్చాడు. మీ చేతిలోనున్న ఈ చిన్న పుస్తకం వంటిదే, దానికంటే ఎంతో గొప్పది. ఆయన హిజ్రీ 622లో మరణించాడు. అదే కుటుంబంలోని మజ్దుద్దీన్ ధర్మశాసనాలకు సంబంధించిన హదీసులను ఏర్చి "అల్ ముంతఖా" గ్రంథం కూర్చాడు. దానికే తరువాత యెమెన్‌లో షౌకానీ "నైలుల్ ఔతార్" అనే విస్తృత వ్యాఖ్య వ్రాశాడు. మజ్దుద్దీన్ మనుమడే తఖీయుద్దీన్ అహ్మద్, ఇబ్నె తైమియ్యా పేరిట లోకమెరిగినవాడు. హిజ్రీ 661లో, క్రీ.శ. 1263లో హర్రాన్‌లో జన్మించాడు.

ఆ బాలుడు పుట్టేనాటికి ఊరు మంగోలుల చేతిలో ఉన్నది. 1260లో హులాగూ సేన ఈ ప్రాంతాన్ని ఆక్రమించింది. అదే సంవత్సరం ఐన్ జాలూత్‌లో మమ్లూకుల చేతిలో మంగోలులు ఓడినందున ఫురాత్ నది ఇరువైపుల రాజ్యాలకూ సరిహద్దుగా మారింది. హర్రాన్ మళ్లీ రెండు కత్తుల నడుమ చిక్కింది. ఈసారి మధ్యవర్తిగా సుక్మాన్ వంటివాడెవడూ లేడు. హిజ్రీ 667లో, క్రీ.శ. 1269లో, ఆ కుటుంబం ఊరు విడవాలని నిశ్చయించుకున్నది.

ఇమాం గారి శిష్యుడు ఇబ్నె అబ్దుల్ హాదీ ఆ ప్రయాణాన్ని వర్ణించారు. రాత్రివేళ బయలుదేరారు. బరువు మోయడానికి పశువులు దొరకలేదు. ఒక బండి దొరికింది. ఆ బండి మీద వారు ఎక్కించినది గ్రంథాలు. వెనుక శత్రువు తరుముకొస్తున్న వేళ బండి నడవక ఆగిపోయింది. పట్టుబడడం ఖాయమన్న స్థితిలో అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆయన వారిని కాపాడాడు. దమస్కసు చేరారు. ఆరేడేళ్ల అహ్మద్ ఆ ప్రయాణంలో ఉన్నాడు. తండ్రి అబ్దుల్ హలీం దమస్కసులో హదీసు బోధకుడయ్యాడు. ఉమవీ జామె మస్జిద్‌లో ఆయన పుస్తకం చూడకుండా, కంఠస్థంగా పాఠం చెప్పేవాడని ఇబ్నె కసీర్ వ్రాశారు.

బండిలో పుస్తకాలకు బదులు పాత్రలు, పరుపులు, ధాన్యం నింపుకున్నా ఆ తండ్రిని ఎవరూ తప్పుపట్టి ఉండేవారు కారు. భార్యాపిల్లలు గలవాడు. నేను ఈ ఘట్టం చదివినప్పుడల్లా ఆ ఇల్లాలి గురించి ఆలోచిస్తాను. ఇంట్లో ఏది వదిలి ఏది తీసుకుపోవాలన్న మాట వచ్చినప్పుడు ఆమె సమ్మతి లేకుండా అది జరిగేది కాదు. గ్రంథాలు ఆ రాత్రి గురించి మగవారి పేర్లే చెబుతున్నాయి.

వారు వెళ్లిన రెండేళ్లకు, హిజ్రీ 670లో, క్రీ.శ. 1271లో, మంగోలులు ఆ ఊరిని నిలుపుకోవడం లాభసాటి కాదని తలచి, మిగిలిన జనాన్ని మార్దీన్ మొదలైన ఊళ్లకు తరలించి హర్రాన్‌ను ఖాళీ చేయించారు. జామె మస్జిద్ ధ్వంసమయింది. నగర ద్వారాలను గోడకట్టి మూసివేశారు. అరవై ఏళ్ల లోపే అబుల్ ఫిదా తన భూగోళ గ్రంథంలో ఒకప్పటి ఆ మహానగరం ఇప్పుడు పాడుబడి ఉన్నదని వ్రాశాడు. ఆ తరువాత దానికి పూర్వవైభవం రాలేదు. సుమారు 1995 నుండి ఫురాత్ జలాలు సొరంగాల ద్వారా ఆ మైదానానికి వస్తున్నాయి. పత్తి పండుతున్నది. కొన్నిచోట్ల నీరు ఎక్కువై భూమి ఉప్పుదేరుతున్నది. సిరియాలో యుద్ధం మొదలైనాక ఆ దగ్గరలోనే శరణార్థుల శిబిరం వెలిసింది. దారి మీది ఊరికి ఇల్లు విడిచినవారు రావడం ఆగలేదు.

మరి ఉస్తాద్‌గారు అన్న "మిగిలిన పేరు" ఎక్కడున్నది? దాని కోసం తుర్కియే వరకు పోనక్కరలేదు. 1888లో హైదరాబాదులో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ చేతివ్రాత ప్రతులుగా మూలపడి ఉన్న వందలాది అరబీ గ్రంథాలను సరిచూసి ముద్రించింది. ఇమాం జహబీ రచించిన "తజ్కిరతుల్ హుఫ్ఫాజ్" వాటిలో ఒకటి. అందులో ఇబ్నె తైమియ్యా చరిత్ర ఉన్నది, హర్రాన్‌లో స్థిరపడి అక్కడే మరణించిన హదీసువేత్త అబ్దుల్ ఖాదిర్ రుహావీ చరిత్ర ఉన్నది. సాబిత్ బిన్ ఖుర్రా గణిత రచన కూడా నసీరుద్దీన్ తూసీ సంకలనంలో భాగంగా హైదరాబాదులోనే అచ్చయింది. మూసీ ఒడ్డున అచ్చుయంత్రం మీద హర్రాన్‌వారి పేర్లు ఒక్కొక్క అక్షరంగా కూర్చబడ్డాయి. నేను మదరసాలో "అల్ హర్రానీ" అని చదివింది ఆ హైదరాబాదు ప్రతిలోనే.

ఇది చెప్పి ఊరుకుంటే నా విషయం దాచినవాణ్ణవుతాను. యౌవనంలో నేను ఒక పల్లె మస్జిదులో నాలుగు సంవత్సరాలు ఇమామత్ చేశాను. హుజ్రా గోడకు ఒక అల్మారా ఉండేది. అందులో పాత పుస్తకాలు, కొన్ని ఉర్దూవి, కొన్ని అరబీవి, రెండో మూడో తెలుగువి. తాళం నా దగ్గరే ఉండేది. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ నాలుగేళ్లలో దానిని శుభ్రపరచింది ఒక్కసారే. బదిలీ అయిన పదేళ్లకు ఆ ఊరికి ఒక జనాజాకు వెళ్లినప్పుడు అల్మారా తెరిపించాను. చెదలు లోపలినుండి తినుకుంటూ వచ్చాయి. అట్టలు నిలబడి ఉన్నాయి, పట్టుకుంటే పొడి అయ్యాయి. తరిమే శత్రువు లేడు, ద్వారాలు ఎవరూ మూయలేదు, బండి వెతుక్కోవలసిన పనీ లేదు. తాళంచెవి నా జేబులోనే ఉండేది.

పదకొండు పుస్తకాలు బయటపడ్డాయి. వాటిలో ఒకదాని మొదటి పుట మీద, ఈ గ్రంథం ఈ మస్జిదులో చదువుకునేవారి కోసం వక్ఫ్ చేయబడినదని ఎవరో నల్లసిరాతో ఉర్దూలో వ్రాశారు. కింద సంతకం ఉండవలసిన చోట కాగితం లేదు.